తాయారమ్మగారి కందిపొడి

నేను ఒక కీబోర్డుని. రాయడం వచ్చు, చదవడం రాదు. మనుషుల్లోనూ ఇలాంటివాళ్ళున్నారనీ, వాళ్ళలో కొందరికి మంచి పేరు కూడా ఉందనీ విన్నాను. నా సంగతి వేరు. నాకు కళ్ళు లేవు. తెర మీద ఏం కనబడుతుందో నాకు తెలియదు. ఏ మీట మీద ఏ వేలు పడింది, ఎంత బరువుగా పడింది, ఎక్కడ తడబడింది, అంతవరకే నా జ్ఞానం. అయితే తెరకి తెలియనిది ఒకటి నాకు తెలుసు. రాసి చెరిపేసినవన్నీ నా మీదుగానే పోతాయి. ఇంటి అందం వచ్చిన చుట్టాలకి తెలిస్తే, ఆ ఇంట్లో ఏం పారేశారో చీపురుకే తెలుస్తుంది కదా.

ఎక్కడో చైనాలో పుట్టానని నా వీపు మీద రాసి ఉందట. పుట్టింటి జ్ఞాపకాలేమీ లేవు. ఊహ తెలిసేసరికి హైదరాబాదు మాదాపూర్‌లో, అద్దాల మేడలో ఉన్నాను. వెబ్‌సైట్లకి రాతలు రాసిపెట్టే ఆఫీసు అది. వాళ్ళు దాన్ని రాత అనేవారు కాదు, కంటెంట్ అనేవారు. కిరాణా కొట్టువాడు పప్పునీ ఉప్పునీ సబ్బునీ కలిపి సరుకు అన్నట్టు. నా ముందు కూర్చున్న పిల్ల పొద్దున మోకాళ్ళ నొప్పుల గురించి, మధ్యాహ్నం మాల్దీవుల గురించి, సాయంత్రం అత్తాకోడళ్ళ అన్యోన్యత గురించి రాసేది. ఆ మూడింటిలో ఒక్కటీ ఆ పిల్ల ఎరగదు. అయినా అదరగొట్టేది.

ఒకనాడు కంపెనీకి జ్ఞానోదయమైంది. రాసేవాళ్ళు ఆఫీసులో కూర్చుంటే కుర్చీలు కావాలి, చల్లగాలి కావాలి, టీలు కావాలి. అదే వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో కూర్చుంటే ఎవరి టీ వాళ్ళే పెట్టుకుంటారు. అంతే, అందరినీ ఇళ్ళకి పంపేశారు. మేం పాత కంప్యూటర్ల దుకాణానికి చేరాం.

అక్కడికి రాజమండ్రి నుంచి ప్రసాదుగారు వచ్చారు. బీమా ఆఫీసులో ఉద్యోగం, బేరమాడటంలో దిట్ట. ఒక వాడేసిన కంప్యూటరు కొని, "మరి కొసరేమీ లేదేంటండీ?" అని అడిగారు. కూరగాయలవాడు కొత్తిమీర రెమ్మ పడేసినట్టు దుకాణంవాడు నన్ను సంచిలో పడేశాడు.

రాజమండ్రి దానవాయిపేటలో వాళ్ళది మూడు గదుల ఇల్లు. నన్ను బల్ల మీద పెట్టి గుడ్డతో తుడిచిన చెయ్యి ఉషారాణిగారిది, ప్రసాదుగారి భార్య. తెలుగు సాహిత్యంలో డిగ్రీ చదివింది. ఆ డిగ్రీ పట్టా బీరువాలో పట్టుచీర మడతలో ఉండేది. రెండూ బయటికి వచ్చే సందర్భాలు లేవు. ఆవిడ చెల్లెలి పేరు సంధ్యారాణి, విశాఖపట్నంలో ఉంటుంది. ఉదయాన్నీ సాయంకాలాన్నీ కన్న ఆ తల్లికి మధ్యలో తీరిక చిక్కినట్టు లేదు, ఇద్దరికీ పన్నెండేళ్ళ తేడా. సంధ్యకి ఊహ రాకముందే తల్లి పోయింది. చెల్లెల్ని అక్కే పెంచింది.

ప్రసాదుగారికి ఒక అలవాటు. ఏదైనా పైకి చదివితే తప్ప ఆయనకి అర్థం కాదు. ఆ అలవాటు చలవ వల్లే గుడ్డిదాన్నయిన నాకు లోకం తెలిసింది. ఒకరోజు ఫోన్ చూసి చదివారు. "వెబ్‌సైట్లకి తెలుగులో రాసేవారు కావలెను. ఇంటి నుంచే పని. అనుభవం అక్కరలేదు. ముందుగా ఒక నమూనా వ్యాసం ఉచితంగా పంపవలెను."

"ఉషా, నువ్వు రాయకూడదూ?"

"అనుభవం అక్కరలేదన్నారుగా. నాకు మీతో కావలసినంత ఉంది. తీసుకోరేమో," అంది ఆవిడ.

అయినా రాసింది. మంచి బెండకాయలు ఎలా ఎంచుకోవాలో. తీసుకున్నారు. నిఖిల అనే అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్లో పని చెప్పేది. షరతుల కాగితం కూడా పంపింది. ప్రసాదుగారు చదివారు: రాసిందంతా కంపెనీది, రాసింది ఎవరన్నది ఎక్కడా ఎవరికీ చెప్పరాదు.

"ఇదేంటే, మరీ అన్యాయం కదూ?"

"ఏముందండీ కొత్త? ఈ ఇంట్లో వంట ఎప్పట్నుంచో ఈ షరతు మీదే నడుస్తోంది."

వంట సర్దేశాక, మళ్ళీ కుళాయి వచ్చేలోపు ఆవిడ నా ముందు కూర్చునేది. నా మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, ఆవిడ రాసేది తెలుగు. ఆవిడ వేళ్ళకి పసుపు వాసన ఉండేదని ఎవరైనా అంటే నేను కాదనలేను, నాకు ముక్కూ లేదు. తేమ మాత్రం తెలిసేది. బాత్‌రూమ్ పలకల గురించి రాసింది, బట్టతల గురించి రాసింది, పెంపుడు కుక్కల మనోవేదన గురించి ఎంత జాలిగా రాసిందంటే, వీధిలో కుక్క మొరిగితే ప్రసాదుగారు నొచ్చుకునేవారు.

అప్పుడొచ్చింది తాయారమ్మగారి పొడుల పని.

నిఖిల ఫోన్ చేసింది. "మేడమ్, కొత్త క్లయింట్. కందిపొడి, కారప్పొడి అమ్ముతారు. వెబ్‌సైట్లో 'మా కథ' అని ఒక పేజీ కావాలి. ఓనర్‌గారి అమ్మమ్మ పేరు తాయారమ్మగారు. ఆవిడ కందిపొడి కథ అన్నమాట."

"ఆవిడ ఎలా చేసేవారో కొంచెం కనుక్కుని చెప్తావా అమ్మా?"

"అదే మేడమ్ ప్రాబ్లమ్. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్ అంట. వంటింట్లోకే వెళ్ళేవారు కాదంట. మీరే ఏదైనా ఎమోషనల్‌గా రాసెయ్యండి."

ఉషారాణి ఒక అమ్మమ్మని తయారుచేసి పంపింది. తిరిగొచ్చింది. ఇంకొక అమ్మమ్మ. అదీ తిరిగొచ్చింది. "బాగున్నారు మేడమ్, కానీ టచ్ లేదంటున్నారు." పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని సంబంధాలు తిప్పికొట్టరు. రేపటికల్లా ఇవ్వాలన్నారు. మధ్యాహ్నం ఆవిడ నా ముందు కూర్చుంది. చాలాసేపు వేళ్ళు ఊరికే మీటల మీద ఆనించి ఉంచింది. తరువాత ఒక్క తడబాటు లేకుండా, ఒక్క మాట చెరపకుండా రాసుకుపోయింది. నా జీవితంలో అలాంటి రాత అదే మొదలు.

ఆవిడ రాసింది ఇది. ఆ అమ్మమ్మకి వయసులో ఉన్నప్పుడే టైఫాయిడ్ వచ్చి వాసన తెలియడం పోయింది. కందిపప్పు వేయించాలంటే కమ్మటి వాసన రావడమే కదా గుర్తు. అందుకని మనవరాలిని పొయ్యి పక్కన కూర్చోబెట్టుకునేది. "వాసన రెండుసార్లు వస్తుందే. మొదటిది పచ్చిదనం పోయే వాసన, దాన్ని నమ్మకు. రెండోది వచ్చినప్పుడు చెప్పు," అనేది. వేయిస్తున్నంతసేపూ మూకుడు వైపు చూసేది కాదు, పిల్ల మొహం వైపు చూసేది. పిల్ల మొహం విప్పారగానే, నోరు తెరవకముందే మూకుడు దించేసేది. ఒక్కసారీ మాడలేదు.

అమ్మని అమ్మమ్మ చేసింది, తనని మనవరాలిని చేసింది. అవి తప్ప అందులో కల్పించినది లేదు.

నిఖిల ఫోన్లో ఎగిరి గంతేసినంత పనిచేసింది. "మేడమ్! ఓనర్‌గారు ఏడ్చేశారంట! అచ్చం మా అమ్మమ్మే అన్నారంట!"

వంటింటి గడప తొక్కని హెడ్‌మిస్ట్రెస్ మనవడి కన్నీళ్ళు. మనుషుల జ్ఞాపకశక్తి మీద నాకు అప్పటినుంచీ మహా గౌరవం.

కొన్నాళ్ళకి సంధ్య ఫోన్ చేసింది. ఉషారాణి చేతులకి పిండి ఉండి, ఫోన్ స్పీకర్లో పెట్టి నా పక్కన ఉంచింది.

"అక్కా, తాయారమ్మగారి కందిపొడి తెప్పించానే. వాళ్ళ కథ చదివావా? మూకుడు వైపు కాదంట, పిల్ల మొహం వైపు చూసేదంట. నాకు ఏడుపాగలేదు."

"అలాగా? బాగుందా?"

"బాగుందా ఏంటక్కా! మనకీ అలాంటి అమ్మ ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది."

పిండి చేత్తోనే ఉషారాణి బల్ల పట్టుకుంది. నాకు తెలిసింది.

"మన అమ్మ కూడా..." అని మొదలుపెట్టింది.

"నువ్వు మొదలెట్టకు తల్లీ. చిన్నప్పుడు నేనేడిస్తే చాలు, అమ్మ చందమామతో మాట్లాడేది, అమ్మ పాట పాడితే కాకులు వినేవి అని చెప్పేదానివి. అవన్నీ నన్ను ఊరుకోబెట్టడానికేనని పెద్దయ్యాక తెలిసిందిలే. పోనీ, నాకు అమ్మ మొహమే గుర్తులేదు. నీ తప్పేముంది?" సంధ్య నవ్వింది.

ఆరోజు నుంచి ఉషారాణికి ఒకటే పట్టుదల. అమ్మని సంధ్యకి ఇవ్వాలి. నోటితో చెబితే నమ్మదు. అచ్చులో పడితే నమ్ముతుంది. అచ్చులో పడ్డదాన్ని కాదనే ధైర్యం మనవాళ్ళకి తక్కువ. ఒక ఆడవాళ్ళ పత్రిక 'మా అమ్మ' అని పాఠకుల చేత రాయిస్తోంది. అమ్మ పేరు వేస్తారు, ఫోటో వేస్తారు, కింద కూతురి పేరు వేస్తారు. ఎవరి పెళ్ళిలోనో తీసిన గుంపు ఫోటోలోంచి అమ్మ ఒక్కదాన్నీ కత్తిరింపించి పెద్దది చేయించింది. నా ముందు కూర్చుని ముందుగా అమ్మ పేరు కొట్టింది: మంగాయమ్మ. తరువాత ఉన్నదున్నట్టు రాసింది. కందిపప్పు, టైఫాయిడ్, రెండో వాసన, మూకుడు, మొహం. నిజం ఒక్కటే అయితే మాటలు మాత్రం వేరే ఎక్కడినుంచి వస్తాయి? ఆ మాటలే వచ్చాయి.

జవాబు ప్రసాదుగారు పైకి చదివారు. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించారు. "మీ రచనలో ఎక్కువ భాగం తాయారమ్మగారి పొడులు అనే వెబ్‌సైట్ నుంచి కాపీ చేసినట్టు మా పరిశీలనలో తేలింది. తల్లి గురించైనా సొంతంగా రాయవలసిందిగా మనవి."

కుళాయి వచ్చింది. బిందె నిండి పొర్లుతోంది. ఎవరూ లేవలేదు.

ప్రసాదుగారు నిఖిలకి ఫోన్ చేసి చెడామడా తిట్టడం మొదలుపెట్టారుగానీ, ఆ అమ్మాయి గొంతు విని చల్లబడ్డారు.

"నేనేం చెయ్యలేను సార్. అది వాళ్ళది. నేనూ మీలాగే ఇంట్లోంచి చేస్తున్నదాన్నే, నాకూ ఎక్కడా పేరుండదు." మళ్ళీ తనే, "మేడమ్‌కి చెప్పండి, కొంచెం మార్చి రాస్తే చాలు. మేమందరం అదే చేస్తాం. కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్ లింకు పంపుతా. ఎక్కడ ఎర్రగీత పడితే అక్కడ మార్చుకుంటూ పోతే ఒరిజినల్ అయిపోతుంది."

మర్నాడు ఆలుమగలిద్దరూ నా ముందు కూర్చున్నారు. ఆవిడ రాయడం, ఆయన గీతలు చదవడం.

"కందిపప్పు దగ్గర పట్టుకుంటోంది."

ఆవిడ దాన్ని నువ్వులు చేసింది.

"టైఫాయిడ్."

"మశూచి."

"మూకుడు కూడానే."

"పెనం."

"రెండుసార్లు వాసన అన్నదీ గీసేసింది."

ఆ వాక్యం పోయింది. ఒక్కొక్కటే పోతున్నాయి. ఊరు మారింది, పొయ్యి మారింది, పిల్ల కూర్చున్న పీట మారింది. ఎంత మార్చినా ఒక్క వాక్యాన్ని మాత్రం అది వదల్లేదు. అమ్మ నా మొహం వైపు చూసేది.

ఆవిడ వేలు మీట మీద ఆగింది. ఎంతసేపో. చివరికి 'మొహం' చెరిపి, 'గడియారం' అని కొట్టింది.

"అబ్బ! ఒక్క గీత లేదోయ్. పూర్తిగా ఒరిజినల్!" అన్నారు ప్రసాదుగారు.

"ఉండదండీ. ఈవిడ మా అమ్మ కాదుగా."

ఆయన లేచి వెళ్ళి టీ పెట్టారు. ఆ ఇంట్లో ఆయన టీ పెట్టిన సందర్భాలు చరిత్రకెక్కదగ్గవి. ఆవిడ చెరిపే మీట మీద వేలు పెట్టి, ఎత్తకుండా నొక్కి పట్టుకుంది. గడియారం పోయింది. పెనం పోయింది, నువ్వులు పోయాయి. అన్నిటికంటే చివర, మొదట రాసిన పేరు కూడా వెళ్ళిపోయింది. చెరపడానికి ఇక అక్షరం లేకపోయినా వేలు తియ్యలేదు.

సాయంత్రం ఫోన్ నా పక్కనే స్పీకర్లో పెట్టి, తనే సంధ్యకి చేసింది. ఇక నోరే గతి. "నీకో సంగతి చెప్తానే. అమ్మ గురించి. ఇది నిజం. అడ్డు రాకుండా విను," అని మొదలుపెట్టింది. టైఫాయిడ్ చెప్పింది. పొయ్యి పక్కన తను కూర్చోవడం చెప్పింది. "రెండో వాసనకి చెప్పమనేదే," అంది. "మూకుడు వైపు చూసేది కాదు సంధ్యా..."

"అక్కా." సంధ్య గొంతులో కోపం లేదు, మహా ప్రేమగా ఉంది. "అక్కా, అది తాయారమ్మగారి కథ. నేనే కదే నీకు చెప్పాను."

సంధ్యే మళ్ళీ అంది:

"నన్ను ఇంకా ఏడిచే చిన్నపిల్లననే అనుకుంటున్నావు. నాకు అమ్మ లేదని బెంగ లేదక్కా, ఒట్టు. నువ్వున్నావుగా."

షరతుల కాగితం అడ్డొచ్చిందో, అమ్మని కందిపొడి ప్యాకెట్‌తో పాటు ఊరందరికీ ఇచ్చేశానని చెప్పుకోవడానికి నోరు రాలేదో నాకు తెలియదు. ఆవిడ అంది: "అవునే. అలాగే ఉంది కదూ. ఇవాళ ఏం వండావు?"

సంధ్య చెప్పింది. కందిపొడి, నెయ్యి, వడియాలు.

ఆ తరువాత ఉషారాణి నా ముందు కూర్చోలేదు. నిఖిల ఫోన్లు కొన్నాళ్ళు మోగి మానుకున్నాయి. నా చెరిపే మీట కిందికి దిగిపోయి మళ్ళీ పైకి లేవలేదు. ఏం నొక్కినా చెరిగిపోతోందని ప్రసాదుగారు కొత్తది తెచ్చారు. పాత సామాన్లు కొనే ఆటోలో, విరిగిన మిక్సీ జారు పక్కన ఇక్కడికి చేరాను.

ఇక్కడ మావాళ్ళు గుట్టలుగా ఉన్నారు. ఎవరి మీద ఏం రాశారో ఎవరమూ అడగం. నా మీదుగా ఎన్నో లక్షల మాటలు పోయాయి. వాటిలో చాలావాటికి సొంతదారులు అక్కర్లేదు. ఒక్కదానికే కావలసి వచ్చింది, దానికే దొరకలేదు.

ఉన్నది ఉన్నట్టు మీకు చెప్పాను. మధ్యలో ఎక్కడైనా, ఈ కందిపప్పు సంగతి ఇదివరకే ఎక్కడో చదివినట్టుందే అని మీకనిపిస్తే, దయచేసి ఆ మాట పైకి మాత్రం అనకండి.