గిన్నె అడుగున పేరు

వెర్లిన్ హాగీ మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, గుంటలో దిగబడ్డ వ్యానుకు గొలుసు తగిలిస్తున్నాడు. అవి అరవై మూడేళ్ళ మోకాళ్ళు. ఒక్కసారి చెబితే వినవు. ముప్పై ఏళ్ళుగా అతనిది ఇదే పని. బ్యాటరీ చచ్చిన బండైనా, తాగి చెట్టుకు గుద్దిన బండైనా లారీకి తగిలించి తన షెడ్డుకు లాక్కొస్తాడు. తగిలించే ముందు లోపలున్న కళ్ళజోళ్ళూ తాళాలూ పిల్లల బొమ్మలూ ఒక సంచిలో సర్ది, చీటీ రాసి, సీట్లో పెడతాడు. ఏనాడూ ఎవరి సూదీ పోలేదు. నోట్లో నాలుక లేని మనిషి. ఊళ్ళో అతని గురించి చెప్పుకోవడానికి ఇంతకు మించి ఏమీ లేదు.

తొమ్మిదింటికి, రోజూలాగే, కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. పోయినేడు ఎన్నికలప్పుడు ఈ బల్ల దగ్గరే "కాగితాల్లేకుండా వలసొచ్చినవాళ్ళందర్నీ పంపేయాలి" అని గొంతులు చించుకున్నవాళ్ళు ఇప్పుడు కాఫీలో చెంచాలు తిప్పుకుంటున్నారు. వెర్లిన్‌తో బడిలో చదివిన పాలరైతు అర్విడ్ ముందుకు వంగాడు.

"ఏరా, నా పాకలో పనివాళ్ళు భయపడి రావడం మానేశారు. ఆ ఎలియాసర్ ఒక్కడే ఎలాగో వచ్చి పాలు పిండుతున్నాడు. నిన్న ఆవులు ఒకటే అరుపులు."

"నువ్వే కదా పార్టీ టోపీ పెట్టుకుని ఊరంతా కేకలేసింది!" అంది కాఫీ పోస్తున్న లవోన్.

"దొంగల్నీ హంతకుల్నీ పట్టుకుంటారనుకున్నానమ్మా. ఇలా వలస పోలీసులు ముఖాలకు గుడ్డలు కట్టుకొచ్చి, కారద్దాలు పగలగొట్టి, పాలు పిండేవాళ్ళని ఎత్తుకుపోతారని ఎవరనుకున్నారు?"

"మరి ఆ మాట కూడా గట్టిగా చెప్పొచ్చుగా. గుసగుసలెందుకు?"

అర్విడ్ వెర్లిన్ వైపు చూశాడు. వెర్లిన్ ఇంటి ముందు ఎన్నికలప్పుడు పాతిన బోర్డు ఇంకా ఉంది: 'చట్టమంటే చట్టమే.' తీసేస్తే ఎందుకు తీశావని ఊరంతా అడుగుతుంది. ఉంచితే ఎవరూ అడగరు. అందుకని ఉంచాడు.

అంతలో కౌంటీ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. చర్చి మలుపులో కారుందట, ఇంజను ఆడుతోందట, మనిషి లేడట.

చలికాలం ఇక్కడ ఇంజను ఆపకుండా దిగడం మామూలే. ఎవరో చర్చిలోకి వెళ్ళుంటారనుకుని వెర్లిన్ పది నిమిషాలు లారీలోనే కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. దిగి అవతలి వైపుకు వెళ్తే బూట్ల కింద గాజు పెంకులు నలిగాయి. డ్రైవరు వైపు కిటికీకి అద్దం లేదు. ఇలాంటి కార్లు ఈ చలికాలంలో నాలుగైదు లాగాడు. వాటిలోని సంచుల కోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు.

పక్కసీటు కింద, తువ్వాలులో చుట్టిన పెద్ద గాజు గిన్నె ఉంది. నిండా మొక్కజొన్న పొత్తుల రేకుల్లో చుట్టిన కుడుములు. ఇంకా వేడిగానే ఉన్నాయి. చీటీ రాద్దామని గిన్నె పైకెత్తాడు. అడుగున తెల్ల టేపు ముక్క, దాని మీద నీలం సిరా: 'మార్లిస్ హాగీ.' ఎవరింటికైనా వంట పంపితే, గిన్నె తిరిగి రావాలని ఈ ఊరి ఆడవాళ్ళు అడుగున పేరు అంటిస్తారు. అది తన భార్య చేతిరాత.

ఇంటికి ఫోను చేశాడు. "నీ గాజు గిన్నె ఎవరికిచ్చావ్?"

"ఎలియాసర్ వాళ్ళకి. వాళ్ళావిడ ఒడిలియా భయంతో కొట్టుకి వెళ్ళడం మానేసిందట. పిల్లలేం తింటారని ఇంత కూర వండి ఇచ్చొచ్చాను."

"నాకు చెప్పలేదేం?"

"బోర్డు పాతుకుని కూర్చున్నవాడికి ఏం చెప్పమంటావ్? అయినా ఇప్పుడెందుకు అడుగుతున్నావ్?"

"గిన్నె తిరిగివ్వడానికి మనింటికే బయల్దేరాడు మార్లిస్. దారిలో పట్టుకుపోయారు."

"తొందర లేదని చెప్పానే," అంది మార్లిస్. "దానికోసం బయటికి రావద్దని చెప్పానే." తర్వాత ఏడుపే వినిపించింది.

ఖాళీ గిన్నె తిరిగివ్వడం ఇక్కడా తప్పే, ఎలియాసర్ పుట్టిన చోటా తప్పే. కుడుములు చల్లారకముందే ఇచ్చేసి వద్దామనుకున్నాడు కాబోలు.

వెర్లిన్ కారును షెడ్డుకు లాగలేదు. ఇంటికి తెచ్చి, లారీ దిగి, తిన్నగా బోర్డు దగ్గరికి నడిచాడు. నేల గడ్డకట్టి ఇనుప కాళ్ళు ఊడిరాలేదు. మార్లిస్ కెటిల్‌తో మరిగే నీళ్ళు తెచ్చి వాటి మొదళ్ళలో పోసింది. రోడ్డు మీద వెళ్తున్న కారొకటి వేగం తగ్గింది. చూడనీ అనుకున్నాడు వెర్లిన్. సిగ్గుగానే ఉంది, అయినా రెండు చేతులతో పట్టి లాగాడు.

వంటగదిలో నిలబడే కుడుములు తిన్నారు. మార్లిస్ గిన్నె కడిగి తుడిచింది. రాత్రికి వండిన కూర అందులో సర్దబోతుంటే వెర్లిన్ పెన్ను అడిగాడు.

కారు లాక్కుని ఇద్దరూ వెళ్ళేసరికి ఎలియాసర్ ఇంటి కిటికీలకు పరదాలు లేవు. పక్కింటావిడ తలుపు సందులోంచి చెప్పింది. "లేరండీ. ఇందాకే ఆవిడ అన్నయ్య వచ్చి పిల్లలతో సహా తీసుకెళ్ళిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు, నేనూ అడగలేదు."

వెర్లిన్ కారును దాని పాత చక్రాల గాడిలోనే దించాడు. పగిలిన కిటికీకి ప్లాస్టిక్ కాగితం కట్టాడు.

"గిన్నె వెనక్కి తీసుకెళ్దామా?" అంది మార్లిస్.

"వద్దు. ఉండనీ. ఎప్పుడొచ్చినా ఆకలితోనే వస్తారు."

లారీ వెళ్ళిపోయాక, మెట్టు మీద గిన్నె మూతపై సన్నగా మంచు పడసాగింది. అడుగున టేపు మీద, మార్లిస్ పేరు కింద, వంకర అక్షరాలతో వెర్లిన్ పేరు ఉంది.