నాలుగో నంబరు డబ్బా

గిలకకు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. రెండు వేస్తే దారానికి జిడ్డు పట్టి జారుతుంది. అసలు వేయకపోతే గిలక బిగుసుకుని, దారం ముడి ఎక్కడ వదిలితే అక్కడే మొండిగా నిలబడిపోతుంది. ల్యాబులో అందరూ మావుసి, అంటే పిన్ని, అని పిలిచే శేబతి, నిలువుగా బిగించిన మూడో బోర్డు పైమూలల గిలకలకు చెరో చుక్క వేసి, ముడిని చిటికెన వేలితో పక్కకు లాగి వదిలింది. అది రెండుసార్లు ఊగి తన చోటికే వచ్చి ఆగింది. అలా ఆగితేనే ఆ బోర్డు నిజం చెబుతున్నట్టు లెక్క.

ఈ విద్య ఆమెకు నేర్పింది మొగుడు ధ్రువ. ఫిజిక్సు ల్యాబులో అటెండరుగా ఉంటూనే పోయాడు పాపం. ఆ ఉద్యోగమే దయతలచి ఆమెకిచ్చారు. ఐదో తరగతి దాటని మనిషి, ఒడిశాలో బలాంగీర్ దగ్గరి పల్లెటూరి కోడలు, పదునాలుగేళ్ళుగా డిగ్రీ కాలేజీ పిల్లలకు దారాలు కట్టి ఇస్తోంది.

"ఇటు వంద గ్రాములు, అటు వంద గ్రాములు కడితే మధ్యలో రెండు వందలు మోస్తాయనుకునేవు, పిచ్చిదానా," అనేవాడు ధ్రువ. "చెరో పక్కకు లాగేవాళ్ళ బలమంతా పైకి రాదే. ఒకళ్ళనొకళ్ళు లాక్కోవడానికే కొంత పోతుంది. దారాలు ఎంత ఎడమైతే అంత పోతుంది."

"అయితే మీ అమ్మా నేనూ ఇల్లు మోస్తున్నట్టన్నమాట," అనేది ఆమె.

ఆ రోజు ప్రాక్టికల్ పరీక్ష. పొద్దున్నే ఇంత పఖాళ, నీళ్ళలో నానిన చద్దన్నం, వేయించిన వడియంతో తిని వచ్చింది. ఇంకో పద్దెనిమిది రోజులుంటే రిటైరవుతుంది. సన్నటి మనిషి, ముంజేతుల మీద పాత పచ్చబొట్లు. ఎంత కడిగినా వేళ్ళకు నూనె వాసన పోదు.

నూనె పని ముగించి బల్ల వైపు తిరిగిన శేబతి అక్కడే ఆగిపోయింది. సీసపు గుళ్ళు పోసి లక్కతో మూసిన డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక నంబరు. బరువు మాత్రం పెద్దసారు సత్పథీగారి రిజిస్టరులోనే ఉంటుంది. ఆ బరువు ఎంతో పిల్లలు దారాలతో, గీతలతో కనిపెట్టాలి. అదీ పరీక్ష. ఆ వరసలో నాలుగో నంబరు డబ్బా కూడా ఉంది.

"ఈసారి నేనే సర్దాను మావుసీ," అన్నారు సత్పథీ సార్. "అలమార వెనక ఏదో దాక్కుని ఉంటే లాగాను. తుప్పు పట్టిందన్నావే, శుభ్రంగానే ఉంది కదా!"

ఆమె పదకొండేళ్ళుగా దాన్ని వెనక్కి నెడుతూ వచ్చింది. ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఆమె చేతిలోంచి అది జారి మూత ఊడింది. గుళ్ళు నేలంతా దొర్లాయి. దొరికినవి ఏరి పోసింది. కొన్ని తూములోకి పోయాయి. చెబితే ఉద్యోగం ఊడుతుందని భయపడి, ఎవరికీ చెప్పకుండా లక్క పెట్టేసింది. రిజిస్టరులో నూట అరవై అలాగే ఉండిపోయింది.

దానివల్ల నష్టమేముంటుంది అనుకుంది. ఆ కాలేజీలో అదో ఆనవాయితీ. అటెండరు బోర్డు తుడిచే వంకతో వచ్చి, బరువెంతో పిల్లల చెవిలో ఊదిపోవాలి. పిల్లలు ముందు జవాబు రాసుకుని, దానికి తగ్గట్టు గీతలు వెనక్కి గీస్తారు. దారాన్ని చూసేవాళ్ళెవరు?

ఒక్క పిల్ల చూసింది. పేరు సుభాసిని. ఆ ఏడాదే మూడో బోర్డు మీద నాలుగో నంబరు డబ్బా ఆ పిల్లకు వచ్చింది. "నాకొద్దు మావుసీ, నా దారం అబద్ధం చెప్పదు," అంది. నూట నలభై ఒకటి రాసింది. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి సున్నా వేశాడు. ఆ పిల్ల వాదించింది, ఏడ్చింది. శేబతి చేతిలో గుడ్డతో గోడకు ఆనుకుని నిలబడింది, అంతే. ఏడాది పోయిందని తండ్రి చదువు మాన్పించి, తిరుప్పూరు నూలు మిల్లుకు పంపాడు. మూడో ఏట చావు కబురొచ్చింది. మనిషి రాలేదు.

అప్పటినుంచి ఫాను ఆపి ఉన్నా మూడో బోర్డు దారం కదిలినట్టే ఉంటుంది ఆమెకు. ఆ డబ్బాను పారేద్దామని చాలాసార్లు తీసింది. పారేస్తే ఆ పిల్ల చెప్పింది నిజమనడానికి లోకంలో ఇంకేం మిగలదని మళ్ళీ పెట్టేసింది.

చీట్లు తీశారు. నాలుగో నంబరు ఇతిశ్రీ అనే పిల్లకు వచ్చింది. నూనె రాసిన జడ, ఎవరిదో అరువు గడియారం. శేబతి గుడ్డ పట్టుకుని, మూడో బోర్డు ముందు నిలబడ్డ ఆ పిల్ల పక్కకు వెళ్ళింది. ఏళ్ళ అలవాటు చూడండి, నోరు దానంతటదే కదిలింది.

"నూట అరవై."

"ఎలా వస్తుంది మావుసీ? చూడు." ఇతిశ్రీ రికార్డు పుస్తకం మూలను రెండు దారాల మధ్య పెట్టింది. సందు లేకుండా సరిగ్గా కూర్చుంది. "పది గ్రాములకు ఒక సెంటీమీటరు లెక్కన ఇటు పది, అటు పది. మధ్య గీత పద్నాలుగూ పాయింటు ఒకటి. నూట నలభై ఒకటి. నూట అరవై కావాలంటే దారాలు ఇంకా దగ్గరికి రావాలి కదా? కళ్ళెదుట కనిపిస్తుంటే ఎలా రాయను?"

అదే బోర్డు, అదే మాట.

పరీక్షాధికారి హోతా సార్ కాగితం చూసి నవ్వాడు. "ఏంటమ్మా, అందరికీ ఒక భూమి, నీకో భూమా? పంతొమ్మిది గ్రాములు ఎవరు తిన్నారు?" ఎర్ర పెన్ను మూత తీశాడు.

"నేను తిన్నాను బాబూ," అంది శేబతి.

ల్యాబంతా తలెత్తింది.

"పిల్లది కాదు తప్పు. నా చేతిలో పడి గుళ్ళు పోయాయి. పదకొండేళ్ళయింది. కావాలంటే తూచండి."

తూచారు. ముల్లు నూట నలభై ఒకటి దగ్గర నిలిచింది. హోతా సార్ రిజిస్టరులో అంకె కొట్టి, కొత్తది రాసి, ఇతిశ్రీకి మార్కులు వేశాడు. సత్పథీ సార్ మాత్రం కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

"సుభాసిని," అన్నారు నెమ్మదిగా. ఆ పేరు శేబతి చెప్పనేలేదు.

"అవునయ్యా. ఆ ఏటి కాగితం ఉంటే, దాని మీద కూడా..."

"పాత కాగితాలన్నీ ఎప్పుడో తూకానికి పోయాయి మావుసీ." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకు బాగుండేది.

మధ్యాహ్నానికి పరీక్ష ముగిసింది. శేబతి బోర్డుల దారాలు విప్పి, తూకపురాళ్ళు పెట్టెలో సర్ది, కిటికీ పక్క స్టూలు మీద కూర్చుంది. ఇతిశ్రీ కాళ్ళకు మొక్కడానికి వచ్చింది.

"నాకెందుకే మొక్కడం? కాసిని మంచినీళ్ళు పట్రా తల్లీ."

కుండ వరండా చివరన ఉంది. ఇతిశ్రీ గ్లాసు నింపుకుని వచ్చేసరికి మావుసి తల గోడకు ఆనించి, కళ్ళు సగం తెరిచి, ఎవరో పిలిస్తే వింటున్నట్టు కూర్చుని ఉంది. రెండుసార్లు పిలిచాక గాని ఆ పిల్లకు అర్థం కాలేదు.

సాయంత్రం నలుగురూ కలిసి మోసుకెళ్ళారు. ల్యాబు గుమ్మం బయట మాత్రం నీలం పట్టీల రబ్బరు చెప్పులు ఉండిపోయాయి. ఎడమదాని పట్టీకి పిన్నీసు గుచ్చి ఉంది. రెండూ మెట్ల వైపు తిరిగి, పక్కపక్కనే.