తొట్టిలో ఎర్ర టెంక

కాలనీలోని కాంతమణి అన్నదట: "సుమిత్ర జనగామ పెళ్లికి పోయి బగారన్నం మంచిగ తినొచ్చింది. ఈడ పురుగులు పస్తులుండి సచ్చినయ్." మేడమీద వడియాలు పెడుతూ అన్న ఆ మాట తాను చెవులారా విన్నానని, తనకు చాడీలు చెప్పే అలవాటు లేదని, అయినా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుందని ఎదురింటి అమ్మన్నమ్మ వచ్చి సుమిత్రకు చెప్పింది.

"నానేటంటానంటే సుమిత్రమ్మా, అదంతా దిష్టి. కాలనీ కళ్లన్నీ ఆ తొట్ల మీదే ఉన్నాయి. ఓ నిమ్మకాయ కట్టించు."

నిమ్మకాయ మాట అటుంచి, వానపాములు చచ్చిన మాట నిజం. కాప్రా చెరువుకు ఇవతల, కాలనీ నీళ్ల ట్యాంకు వెనక పిచ్చితుమ్మలు మొలిచిన జాగాలో నాలుగు ఇటుక తొట్లు కట్టి, పైన ఆకుపచ్చ వల కప్పి, ఆడవాళ్లంతా కలిసి ఎరువు చేయడం మొదలుపెట్టారు. తడిచెత్త ఇళ్లది, పేడ గేదెల తబేలాది, పెత్తనం సుమిత్రది.

కొంటానన్నవాడు ఒక్కడే, బిక్షం. కీసర అవతల తన అరెకరంలో టమాట, కొత్తిమీర పండించి, ఏ.ఎస్. రావు నగర్‌లో తానే బండి మీద అమ్ముకుంటాడు. కొత్తిమీర కొంటూ మాటలో మాటగా సుమిత్ర ఎరువు సంగతి ఎత్తితే అతను ఊరికే తలూపలేదు. ఒకరోజు తొట్టి దగ్గరికే వచ్చాడు. గుప్పెడు తీసి వాసన చూశాడు. ఒక వానపామును అరచేతిలో కాసేపు పాకనిచ్చాడు.

"నీ మాట మీద ఈసారి యూరియా సంచి తెస్తలేను చెల్లె. మిరుగానికి నారు పెడత. అప్పటికి నా చేనుకు సరిపోను ఇయ్యాలె" అన్నాడు.

ఆ మాటకు సుమిత్రకు సంతోషం ఎంత కలిగిందో భయమూ అంతే కలిగింది. మాట నమ్మి మందు మానుకున్న మనిషి. ఇప్పుడు మిరుగం, అదే మృగశిర కార్తె, ముంగిట్లోకి వచ్చేసింది. తొట్లలో చూస్తే కదలికే లేదు.

అమ్మన్నమ్మను వెంటబెట్టుకుని పోయి సుమిత్ర తొట్టిని కింది దాకా తవ్వింది. ఎరువు నల్లగా, పొడిపొడిగా, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. సగం లోతులో చేతికి ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే మామిడి టెంక. ఎర్రగా ఉంది. అంచున ఆవపిండి ఇంకా అంటుకునే ఉంది.

"పిన్నీ, ఇదేంది?"

అమ్మన్నమ్మ ముఖం వెలిగింది. "నిరుటి ఆవకాయమ్మా! కొత్తది పెట్టాలంటే జాడీలు ఖాళీ చెయ్యాల గదా. తినే వస్తువు కాలవలో పోస్తే మహాపాపం. మా ఉద్దానంలో అయితే కొబ్బరిచెట్టు మొదట్లో కప్పెట్టేస్తాం. ఉప్పంటే దానికి ప్రాణం. ఈ ఊర్లో చెట్టేటి, పిడికెడు మట్టే లేదు. తినేది ఏదైనా తొట్టిలో వెయ్యమని నువ్వే అన్నావు గదా! నువ్వు పెళ్లికెళ్లినప్పుడు అందరికీ నానే చెప్పాను. ఇంటింటి జాడీలూ వచ్చాయి. ఒక తొట్టికి ఎక్కువ, ఒక తొట్టికి తక్కువ కాకుండా నాలుగింటికీ పంచాం. పసుపూ కుంకుమా జల్లి మరీ భూదేవమ్మకి ఇచ్చుకున్నాం."

సుమిత్ర టెంకను చేతిలో తిప్పుతూ తాను చెప్పినవన్నీ గుర్తు చేసుకుంది. ప్లాస్టిక్ వద్దంది, ఎముకలు వద్దంది, నూనె వద్దంది. పచ్చడి సంగతి తట్టనేలేదు. తన పుట్టింట్లో పచ్చడి మరుసటి ఏడాదికి మిగిలితే కదా తట్టడానికి!

"కొబ్బరిచెట్టుకు పడతది పిన్నీ. పురుగుకు పడదు. టమాటకు సుత పడదు."

అమ్మన్నమ్మ చటుక్కున వంగి, కనబడ్డ టెంకలన్నీ ఏరడం మొదలుపెట్టింది. నిమ్మకాయ మాట ఇక ఎత్తలేదు.

అయినా ఆశ చావక సుమిత్ర ఒక కొబ్బరిచిప్పలో ఆ ఎరువు, ఇంకో చిప్పలో ఉత్త మట్టి పోసి మెంతులు చల్లింది. మట్టిలోవి తలలెత్తాయి. ఎరువులోవి ఉబ్బి, అక్కడే కుళ్లాయి.

చిప్పలు రెండూ ట్యాంకు కింద అందరి ముందూ పెట్టింది. ఎరువులోని ఉప్పును నీళ్లతో కడిగేద్దామంటే బోరు నీళ్లందక అప్పటికే దగ్గుతోంది. కాంతమణి చిప్పల వంక చూడనైనా లేదు.

"సూడనీకి కాఫీపొడి తీరుగ ఉన్నది. చెప్పకుంటె ఎవరికి తెలుస్తది? రెండు వానలు పడితె ఉప్పు అదే కొట్టుకపోతది. మొదటి బండే పోకపోతె, రేపటి సంది చెత్తల చెయ్యి పెట్టేదెవరు సుమిత్రా? నువ్వొక్కదానివేనా?"

చివరి మాట నిజమే. సుమిత్ర చిప్పలు తీసుకుని బయల్దేరింది. ఇంటికి నడుస్తూ ఆలోచించింది. వాన గట్టిగా పడితే నిజంగానే పోవచ్చు. పడకపోతే? నారు మాడితే బిక్షం ఎండను తిట్టుకుంటాడు, విత్తనాన్ని తిట్టుకుంటాడు. తనను మాత్రం అనుమానించడు. ఊరట కలగాల్సిన ఆ ఆలోచనే ముల్లులా దిగింది.

మబ్బు పట్టిన పొద్దున బిక్షం ట్రాలీ ఆటోతో, మడిచిన ఖాళీ సంచులతో వచ్చాడు. రావడంతోనే గుప్పెడు ఎరువు తీసుకుని నవ్వాడు.

"మా దుక్కి గిట్ల నల్లగుండి ఎన్నేండ్లయిందో చెల్లె."

కాంతమణి అప్పుడే సంచి మూతి తెరిచి పట్టుకుంది. పార సుమిత్ర చేతిలోనే ఉంది.

"ఆగన్నా" అంది సుమిత్ర. "దీంట్ల ఉప్పు పడ్డది."

జాడీల సంగతి, పురుగుల సంగతి, మెంతుల సంగతి ఏదీ దాచకుండా చెప్పింది. "నానే బాబూ, తెలీక వేయించాను" అంది వెనకనుంచి అమ్మన్నమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

బిక్షం నవ్వు ఆగిపోయింది. గుప్పిట మాత్రం విప్పలేదు.

కాంతమణి సంచి వదల్లేదు. "గంత పరేషాన్ ఏం లేదు బిక్షమన్నా. ఉప్పు జెరంతనే. అందరం కష్టపడి చేసినం. ఈ ఒక్కసారికి సర్దుకో, వచ్చేసారి మంచిది ఇస్తం."

బిక్షం ఆమెను చూశాడు, సుమిత్రను చూశాడు, తలెత్తి మబ్బును చూశాడు. గుప్పిట్లో ఎరువును మెల్లగా తొట్టిలోకి వదిలి, చెయ్యి తువ్వాలకు తుడుచుకున్నాడు.

"కూరల ఉప్పెక్కువైతె మీరు గిన్నె పక్కకు జరుపుతరమ్మా. నేను చేను యాడికి జరపాలె?"