చివరి ముడి

ఫోను మోగేసరికి రొట్టెల మావయ్యకు అప్పుడప్పుడే కునుకు పడుతోంది. ఆ పేరు మేడలోని పిల్లలు పెట్టింది. రాత్రంతా రొట్టెల ఫ్యాక్టరీలో పొయ్యి ముందు నిలబడి, తెల్లారాక ఇంటికొచ్చి, కూతుర్ని బడికీ భార్యను ఆసుపత్రికీ సాగనంపి, కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకునే మనిషాయన. నిద్రలో కూడా ఒంట్లోంచి మాడిన పిండి వాసనే వస్తుందని భార్య ఏడిపిస్తుంది. కళ్ళు తెరవకుండానే ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"అన్నయ్యా, పడుకున్నావా?" అంది మూడో అంతస్తు టైలరమ్మ.

నిద్రపోయేవాణ్ణి లేపి మరీ పడుకున్నావా అని అడగడంలో ఉన్న న్యాయం ఏమిటో ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు. "లేదమ్మా, చెప్పు" అన్నాడు.

"బడికి మళ్ళీ వచ్చిందట, ఆ పాడు ఉత్తరం. బాంబు పెట్టామనే. వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళమంటున్నారు. నా ముందు కొలతలకి మనుషులు నిలబడున్నారన్నయ్యా. మా పిల్లలిద్దర్నీ నీతో పట్టుకొచ్చెయ్యవూ?"

ఆమె పెట్టేసిందో లేదో లిఫ్టు మెకానిక్ ఫోను చేశాడు. ఎక్కడో పదో అంతస్తు మీద వేలాడుతున్నాడట, దిగడానికి వీల్లేదట. ఆ తర్వాత కింద వాటాలో ఉండే కండక్టరు. బస్సులో జనం గోలలో సగమే వినబడింది, కానీ ఆ సగం చాలు. ముగ్గురికీ ఒకటే మాట చెప్పాడు. "అలాగేలే, తెస్తాను."

బెదిరింపులు కొత్తగా మొదలైనప్పుడు ఇలా ఉండేది కాదు. మొదటిసారి తల్లిదండ్రులందరూ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తారు. బడి గేటు ముందు ఏడవని మనిషి లేడు. రెండోసారి చెప్పులు వేసుకుని పరుగెత్తారు. మూడోసారికి టీ తాగి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ప్రతిసారీ పోలీసులు రావడం, కుక్కలు తరగతి గదులన్నీ వాసన చూడటం, ఏమీ లేదని తేల్చడం, రేపు బడి యథావిధిగా ఉంటుందని సాయంత్రానికి ఫోనులో సందేశం రావడం. ఆ పంపేవాడెవడో గానీ వాడికి పని లేదు, వీళ్ళకు నిద్ర లేదు. తల్లిదండ్రుల గ్రూపులో మాత్రం రోజూ తిరునాళ్ళే. ఒకాయన గోడలు ఎత్తు పెంచమంటాడు. ఒకావిడ పిల్లాణ్ణి ఇక పంపనే పంపనంటుంది, మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు దింపి వెళ్తుంది. ఎప్పుడూ ఉండేదేగా, పట్టించుకోకండి అని ఇంకొకాయన రాస్తాడు. ఆయన పిల్లలు చదివేది వేరే బడిలో.

రొట్టెల మావయ్య భార్య ఆసుపత్రిలో పరీక్షల కోసం రక్తం తీసే పని చేస్తుంది. మొదటిసారి కబురు తెలిసినప్పుడు, ఒక పెద్దాయన జబ్బకు రబ్బరు కట్టు కట్టి, సూది చేతిలోకి తీసుకుని, అంతలో సూది ట్రేలో పడేసి పరుగెత్తింది. ఆ కట్టు విప్పేవాళ్ళు లేక ఆ పెద్దాయన చెయ్యి నీలం తిరిగింది. ఇంకోసారి ఇలా వెళ్తే మళ్ళీ రావద్దని పెద్ద డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆరోజు సాయంత్రం ఆమె భర్తతో అంది, "బడి సంగతి ఇక మీదేనండీ. మీరున్నారన్న ధైర్యంతోనే నేను సూది పట్టుకుంటాను." అప్పటినుంచి ఆమె ఫోను బ్యాగులోనే ఉంటుంది, సాయంత్రం దాకా చూడదు.

పోయినసారి నలుగురు పరాయి పిల్లల్ని వెంటబెట్టుకొచ్చినప్పుడు మాత్రం ఆమె ఊరుకోలేదు. "మీకే కంటి మీద కునుకు లేదు. ఊళ్ళో పిల్లలందర్నీ నెత్తినేసుకుంటారెందుకు? ఆ నిద్రమొహంతో ఏదో ఒకరోజు మనదాన్నే పారేసుకొస్తారు."

"పోనీలేవే, వాళ్ళకి మాత్రం ఎవరున్నారు" అన్నాడాయన. నిజానికి కాదనడానికి కూడా ఓపిక కావాలి. ఆయనకు అదే లేదు.

మొహాన నీళ్ళు కొట్టుకుని, తలుపు వెనక మేకుకు వేలాడే తాడు భుజాన వేసుకుని బయల్దేరాడు. పిండి బస్తాల మూతి కుట్టిన నూలుదారాలు పోగుచేసి, పొయ్యి కాలేలోపు కూర్చుని తానే పేనిన తాడు అది. మేడ పిల్లల్ని తానొక్కడే తెచ్చిన మొదటిసారి, ఆ తోపులాటలో చేతులు పట్టుకుని నడిపిస్తే టైలరమ్మ చిన్నవాడు జారిపోయి పండ్లరసం కొట్టు దగ్గర దొరికాడు. అందుకని ఈ తాడు. దానికి అయిదు ముడులు, ఒక్కో ముడి ఒక్కో పిల్లకు. చివరి ముడి తన కూతురిది. రెండో తరగతి చదువుతున్న ఆ పిల్లను ఇంట్లో పిడుగు అని పిలుస్తారు గానీ, తాడు పట్టుకుందంటే పోలీసు ఇన్‌స్పెక్టరే. ముందున్నవాళ్ళెవరూ ముడి వదలకుండా చూసుకోవడం, మలుపు వచ్చినప్పుడల్లా "చివరి ముడి ఉంది" అని కేకెయ్యడం దాని ఉద్యోగం.

తాడుకు ఆయన పెట్టిన కట్టుబాటు కూడా ఒకటుంది. పిల్లలందరి చేతా అది పదేపదే చెప్పించాడు. ముడి చేతిలో లేనివాళ్ళు అడుగు కదపకూడదు. అరవకూడదు, వెంట పరుగెత్తకూడదు. టీచర్ దగ్గరే నిలబడాలి. రొట్టెల మావయ్య మళ్ళీ వస్తాడు.

బడి మైదానంలో ఎండ మాడ్చేస్తోంది. పిల్లలు తరగతివారీగా వరసల్లో కూర్చున్నారు. కొందరు నీళ్ళ సీసాలతో ఆడుకుంటున్నారు. ఒక నాన్న ఫోనులో ఎవరితోనో ఆఫీసు సంగతులు మాట్లాడుతూనే కొడుకు భుజం పట్టుకుని నడిపించుకుపోతున్నాడు. ఒకమ్మ కూతుర్ని వాటేసుకుని ఎంతకీ వదలడం లేదు. ఆమె పిల్ల ఈ ఏడే చేరింది కాబోలు, ఇంకా అలవాటు పడలేదు. ఇలాంటిదానికి కూడా అలవాటు పడటం ఏమిటని తనమీద తనకే అసహ్యం వేసింది రొట్టెల మావయ్యకు. కానీ ఆవలింత ఆగలేదు.

టీచరమ్మ ఆయన్ను చూసి మేడ పిల్లల్ని లేపింది. తాడు సంగతి ఆమెకు బాగా తెలుసు. "సార్, వెనక వీధి పాప కూడా ఉంది, ఎల్‌కేజీ. వాళ్ళమ్మ ఇప్పుడే ఫోను చేసింది, మీతోపాటు పంపమంది. మీ మేడ దగ్గరికే వస్తుందట."

ఆయన తలూపాడు. తలూపడం గుర్తుంది గానీ ఆమె ఏం చెప్పిందో చెవిలో పడి అక్కడే ఆగిపోయింది.

"ముడులు పట్టుకున్నారా?"

"పట్టుకున్నాం."

వెనక్కి తిరిగి తలలు లెక్కేశాడు. అయిదు ముడులు, అయిదు తలలు. తాడు భుజం మీదుగా లాక్కుని నడిచాడు.

మొదటి మలుపులో కేక వినపడలేదు. పొద్దున జడ వంకరగా వేశానని అలిగి వెళ్ళింది, ఇంకా కోపం తీరలేదు కాబోలు అనుకున్నాడు. రెండో మలుపులోనూ కేక లేదు. ఆయన కళ్ళు నడుస్తూనే మూతలు పడుతున్నాయి. మంచం, దుప్పటి కట్టిన కిటికీ, చీకటి గది తప్ప బుర్రలో ఇంకేం లేదు.

మేడ కింద తన కుట్టు కొట్లోంచి టైలరమ్మ మిషను ఆపి ఎదురొచ్చింది. రొట్టెల మావయ్య ఒక్కో ముడి దగ్గర ఒక్కొక్కరినీ విడిపిస్తూ వచ్చాడు. టైలరమ్మ పిల్లలు ఇద్దరు. మెకానిక్కు కొడుకు. కండక్టరు కూతురు. చివరి ముడి దగ్గర చీమిడి ముక్కుతో, రెండు చేతులా తాడు పట్టుకుని, ఒక చిన్న పాప నిలబడి ఉంది.

"నువ్వెవరమ్మా?"

"అక్క ఇచ్చింది" అంది పాప ముడి చూపించి. "నేను ఏడుస్తుంటే ఇచ్చేసింది."

ఆయన ఆ పాప చెయ్యి టైలరమ్మ చేతిలో పెట్టి, ఏమైందని ఆమె అడుగుతున్నా వినకుండా పరుగు అందుకున్నాడు.

ఉత్తుత్తి బెదిరింపే, ఎప్పుడూ ఉత్తుత్తిదే అని దారంతా చెప్పుకుంటూనే ఉన్నాడు. కాళ్ళు వింటేగా. ఇన్నాళ్ళూ తెచ్చిపెట్టుకున్న అలవాటంతా ఆ నాలుగు వీధుల్లో ఊడిపోయింది. ఇవాళే నిజమైతే? అందరి పిల్లల్నీ క్షేమంగా దాటించి, కన్నబిడ్డను వదిలేసి వచ్చిన తండ్రిగా ఎలా బతకాలి? మీరున్నారన్న ధైర్యంతోనే అన్న మనిషికి ఏ మొహం చూపించాలి? ఒక చెప్పు తెగింది. రెండోది తానే విదిలించేశాడు. మొదటిసారి లాగే ఉత్త కాళ్ళతో బడి చేరాడు.

గేటుకు అడ్డంగా పసుపు పట్టీ కట్టి ఉంది. మైదానం ఖాళీ. నీళ్ళ సీసా మూత ఒకటి ఎండలో పడుంది. గేటు దగ్గర పోలీసు బిస్కెట్లు తింటున్నాడు.

"లోపల ఎవరూ లేరు, వెళ్ళండి" అన్నాడు.

"మా అమ్మాయి."

"అందరూ వెళ్ళిపోయారండీ."

ఆయన పసుపు పట్టీ ఎత్తి లోపలికి దూరబోయాడు. పోలీసు ఆయన మొహం చూశాడు, కాళ్ళు చూశాడు. బిస్కెట్టు పొట్లం పక్కన పెట్టి, రోడ్డుకు అవతల టైర్ల కొట్టు వైపు చెయ్యి చాపాడు. "అక్కడ ఒక టీచరు ఉన్నట్టుంది, చూడండి."

కొట్టు రేకుల నీడన పాత టైరు మీద పిడుగు కూర్చుని ఉంది, కాళ్ళు ఊపుకుంటూ. పక్కన టీచరమ్మ నిలబడి ఫోనునే చూస్తోంది. నాన్నను చూడగానే పిడుగు "చెప్పానా, వస్తాడని?" అంది, టీచరమ్మతోనే.

ఆయన పిల్లను ఎత్తుకున్నాడు. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. "కేకెయ్యొచ్చుగదే" అన్నాడు.

"ముడి లేనివాళ్ళు అరవకూడదన్నావుగా. కదలకూడదన్నావు. కదల్లేదు."

"నీ ముడి ఎందుకిచ్చావే?"

"పాప ఏడుస్తోంది. దానికోసం వాళ్ళ నాన్న వస్తాడో రాడో. నువ్వైతే వస్తావుగా."

"తప్పు నాది కూడా సార్" అంది టీచరమ్మ. "తాడు పట్టుకున్నవాళ్ళందరూ మీవాళ్ళేగా అని వేరే పిల్లల వైపు తిరిగాను. మళ్ళీ చూసేసరికి ఇది ఒక్కత్తే నిలబడుంది. మీ ఫోను మోగుతోంది గానీ ఎత్తలేదు." అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, ఫోను మంచం మీదే ఉండిపోయిందని. ఆమె సంచీ భుజాన వేసుకుంటూ నెమ్మదిగా అంది, "మా వాడి బడికీ వచ్చిందట ఇదే ఉత్తరం. ఇక్కడ చివరి పిల్ల వెళ్ళేదాకా నేను కదలకూడదు కదా. ఇప్పుడు వెళ్తాను సార్."

ఆయన క్షమించమని అడిగేలోపే ఆమె రోడ్డు దాటేసింది. చీర కుచ్చిళ్ళు ఎడంచేత్తో ఎత్తిపట్టుకుని, ఆ వయసులో, పరుగెడుతోంది.

ఇంటికి నడుస్తుంటే పిడుగు భుజం మీద కబుర్లు చెబుతూనే ఉంది. "చూడమ్మా, అమ్మతో…" అని మొదలుపెట్టాడు. పిల్ల తలెత్తి చూసింది. చెప్పినమాట అక్షరం పొల్లుపోకుండా చేసే పిల్ల అది. అబద్ధం చెప్పమన్నా అలాగే చెబుతుంది. ఆయన మిగతా మాట మింగేశాడు.

సాయంత్రం భార్య వచ్చేసరికి ఆయన పనికి వెళ్ళే చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. పగలంతా కన్ను మూత పడలేదు. ఆమె బ్యాగులోంచి ఫోను తీసి చూసింది. మళ్ళీ ఉత్తుత్తిదే, రేపు బడి యథావిధిగా ఉంటుంది. గోడలాయన గోడల గురించి రాశాడు.

"అయితే ఇవాళ కూడా వెళ్ళారన్నమాట" అంది జాలిగా. "ఎలా జరిగింది?"

ఆయన నోరు తెరిచేలోపు పిడుగు అందుకుంది. "అందరికోసం నాన్న ఒక్కసారే వచ్చాడమ్మా. నాకోసం రెండుసార్లు వచ్చాడు."

ఆ గొప్ప చెప్పుకోవడంలో పిల్ల మొహం వెలిగిపోతోంది. భార్య మొహంలో నవ్వు మొదలై మధ్యలో ఆగింది. ఆయన కాళ్ళకు కట్టిన గుడ్డపేలికల వంక చూసింది. అప్పుడాయన అంతా చెప్పాడు, తలూపిన దగ్గర్నుంచి టైర్ల కొట్టు దాకా, ఏదీ దాచకుండా. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె కుర్చీలో కూలబడి తన రెండు చేతులూ చూసుకుంది. రేపు పొద్దున ఆ చేతులతోనే సూది పట్టుకోవాలి.

"సెలవు పెట్టెయ్యనా?" అంది ఎవరినీ అడగనట్టు. ఇద్దరికీ తెలుసు, పెడితే ఆ ఉత్తరాలు ఆగేదాకా పెట్టాలి, అంతదాకా ఉద్యోగం ఉండదు.

చివరికి లేచి, తలుపు వెనక మేకు మీదున్న తాడు తీసింది. పిల్లను దగ్గరికి లాక్కుని మొదటి ముడి దాని గుప్పిట్లో పెట్టింది. "ఇవాల్టి నుంచి ఇది నీది. నాన్న పక్కనే. ఎవరు ఏడ్చినా ఇవ్వకూడదు. విన్నావా?"

పిడుగు ముడి పట్టుకుని చూసింది. బుద్ధిగా తలూపింది. తర్వాత తాడు పొడుగునా కళ్ళు పోనిచ్చి, నేలమీద జీరాడుతున్న ఆ కొసను చూసింది.

"మరి చివర ఎవరుంటారమ్మా?"

ఆమె భర్త వైపు చూసింది. ఆయన భార్య వైపు చూశాడు. పనికి వేళవుతోంది. తెగిన చెప్పు కోసం కాసేపు వెతికి, అది రోడ్డు మీదే పోయిందని గుర్తొచ్చి, పాత బూట్లు తీసి తొడుక్కోవడం మొదలుపెట్టాడు. పిల్ల ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉంది.