ముప్పై ఒకటో పేజీలో లేని పేరు

మారెక్క నా కుర్చీలో కూర్చుని ఉంది, చెప్పుల కాలు మీద చెప్పుల కాలు వేసుకుని, నేను ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పిన ఐదో తరగతి గదిలోనే, కాకపోతే ఆ గదికి వెనక గోడ లేదు, గోడ ఉండాల్సిన చోట బీడు మొదలై కొండ దాకా పోతోంది, బెంచీల మధ్య ఆవులు నిలబడి నెమరు వేస్తున్నాయి, వాటిని అదిలించాలని కూడా నాకు తోచడం లేదు. ఆమె చనిపోయి మూడేళ్లయిందని నాకు తెలుసు. చనిపోయినవాళ్లు బడికి రాకూడదన్న రూలేమీ లేదు కదా అని సర్దిచెప్పుకుంటున్నాను. సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాడు మా మండలంలోనే లేడు.

బతికి ఉండగా మా ఇంటికి వస్తే మారెక్క చెప్పులు వీధి మొదట్లోనే విడిచి వచ్చి, అరుగు కింద నేల మీద కూర్చునేది. పైకి రమ్మని ఒక్కసారైనా అన్నానా? అనలేదు. మర్యాదస్థుణ్ణి కదా, మంచినీళ్లు మాత్రం అడగకముందే ఇప్పించేవాణ్ణి.

"నిలబడుకున్యావేమి అయ్యోరా, కూసో" అంటుంది, ముందు బెంచీ చూపించి. కూర్చుంటాను. పిల్లల బెంచీ, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

నల్లబల్ల మీద ఎవరో సుద్దతో బొమ్మ గీశారు, కత్తి పట్టుకున్న మనిషి, కాళ్లకు చెప్పులు, చూస్తూ ఉండగానే అది బల్ల కాదు, మా ఊరి ఆవులరాయి, పసుపూ అంబలీ మరకలతో సహా. ఊరి ఆవుల్ని దొంగలు తోలుకుపోతుంటే ఒంటరిగా ఎదురు నిలిచి చచ్చిపోయిన మనిషి గుర్తుగా పూర్వం నాటిన రాయి అది. ఆ మనిషి ఎర్రతిమ్మప్ప అనీ, తమ ఇంటి మూలపురుషుడనీ మారెక్క వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. అందుకే ఏటా ఆవులపండుగ నాడు ఆ ఇంటి పెద్ద ఆడమనిషి చెప్పులు తొడుక్కుని పెద్దవీధి గుండా నడిచి వచ్చి, రాయి మీద తొలి చెంబు అంబలి పోస్తేగాని ఊళ్లో ఒక్క ఆవు గాటి నుంచి కదలదు. ఊరి చివరి మాదిగ గేరి మనిషి పెద్దవీధిలో చెప్పులతో నడిచే రోజు ఏడాదికి అదొక్కటే. చట్టం ఏమంటుందని అడగకండి, మా ఊరికి చట్టం బస్టాండు దాకానే వస్తుంది.

"పుస్తకం తీయి" అంటుంది మారెక్క.

తీయాల్సిన పని లేదు, అది నా ఒళ్లోనే ఉంది, ఎప్పుడు వచ్చిందో తెలియదు, రిటైరయ్యాక నోటుబుక్కు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి నేను రాసిన 'మా ఊరి చరిత్ర', అట్ట మీద నా ఫోటో. ముప్పై ఒకటో పేజీ కావాలి ఆమెకు. నేను తిప్పుతున్నాను, ముప్పై తర్వాత ముప్పై వస్తోంది, మళ్లీ ముప్పై, ఆవు ఒకటి మెడ చాచి నా భుజం మీదుగా చూస్తోంది, నాకు చెమటలు పడుతున్నాయి. రాయి మీది అక్షరాలు అరిగిపోయాయనీ, పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి భూతద్దం పెట్టి చూసినా 'శ్రీ' తప్ప ఏమీ తేలలేదనీ, ఆధారం లేనిదే చరిత్ర రాయకూడదనీ, అడక్కపోయినా చెప్పుకుపోతున్నాను. ఆమె వింటోంది. బతికి ఉన్నప్పుడు కూడా ఇలాగే ఓపిగ్గా వినేది.

"ఊరి బురుజును పెద్దింటోళ్ల ముత్తాత కట్టించెనని రాసినావే," అంటుంది చివరికి, "ఆ బురుజు మీద యాడుండె సామీ రాత?"

ఆ కథ నాకు పెద్దింటి ముసలాయన వాళ్ల వరండాలో కాఫీ తాగిస్తూ చెప్పాడు, చెప్పింది చెప్పినట్టు మూడు పేజీలు రాశాను, ఏ ఆధారమూ అడగలేదు. మారెక్క చెప్పింది కూడా చెప్పినట్టే నోటుబుక్కులో రాసుకున్నాను. అచ్చుకు పంపేముందు మాత్రం పెద్దింటాయన ఒక్క మాట అన్నాడు, పేర్లెందుకులే అయ్యవారూ, రేపు తలనొప్పులు అని. అంతే, ఆయన గొంతు కూడా పెంచలేదు. నేను ఇంటికి వచ్చి 'ఈ వీరుని పేరు తెలియరాలేదు' అని దిద్దాను. గట్టిగా నాలుగు మాటలు, ఒక ఫుల్‌స్టాప్.

అక్కడితో ఆగినా పిరికివాణ్ణని సరిపెట్టుకునేవాణ్ణి. పుస్తకం వచ్చిందని తెలిసి మారెక్క గేరి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది, తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని. చదివి వినిపించమంది. ముప్పై ఒకటో పేజీ తీసి చదవడం మొదలుపెట్టి, ఆ వాక్యం దగ్గరికి రాగానే ఆమె ముఖం చూసి, 'ఈ వీరుని పేరు ఎర్రతిమ్మప్ప' అని చదివాను. మళ్లీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది, మూడోసారికి నా గొంతు ఎంత బాగా పలికిందో చెప్పలేను. ఎక్కడుందో చూపించమంటే వేలు పెట్టి చూపించాను, నేను వేలు తీశాక అదే చోట తన వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

"నీ వేలు పెట్టిన కాడనే నేనూ పెడితి" అంటుంది ఇప్పుడు. గది ఎటు పోయిందో, మేము రాయి దగ్గర నిలబడి ఉన్నాం, చుట్టూ ఊరు ఊరంతా ఉంది, కానీ ఎవరికీ ముఖాలు లేవు, నవ్వులు మాత్రం వినిపిస్తున్నాయి. అది పుస్తకం వచ్చిన ఏటి ఆవులపండుగ అని నాకు అర్థమవుతుంది. తొలి చెంబు ఇకనుంచి చీటీలు వేసి ఎవరికి వస్తే వాళ్లు పోయాలని కమిటీ అంది. మారెక్క కొంగులోంచి పుస్తకం తీసి, అయ్యోరు రాసినాడు చూడండని వేలు పెట్టి చూపించింది. ఎవరో పెద్దగా చదివారు, పేరు తెలియరాలేదు అని. అందరూ నావైపు చూశారు. నేను కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాను. అద్దాలకు మరకేమీ లేదు.

అప్పుడు మారెక్క, ముసిల్దాన్ని, నాకే మతి తప్పినాదేమో అనేసి, చెంబు కింద పెట్టి, చెప్పులు విడిచి చేత పట్టుకుని పెద్దవీధిలో వట్టి కాళ్లతో వెళ్లిపోయింది. మరుసటి వానాకాలానికి ఆమె లేదు. తొలి చెంబు మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

"నన్ను అబద్ధాలకోరు అని ఉండొచ్చు కదా మారెక్కా" అంటున్నాను, ఏడుపు వస్తోంది, సిగ్గు లేకుండా ఏడుస్తున్నాను. "అందరి ముందరా అని ఉండొచ్చు కదా. నేను కాదనేవాణ్ణి కాదు."

కాదనేవాణ్ణే. అది ఆమెకూ తెలుసు. నావైపు జాలిగా చూస్తుంది, ఆ జాలి నాకు చెప్పుదెబ్బ కన్నా కష్టంగా ఉంది.

"నీ మొగం జూసి ఊరుకున్యా అనుకుంటివా? నిన్ను అబద్ధాలోడంటే, నీ నోట్లోనించి వచ్చిన ఆ పేరు గూడా అబద్ధమే అయితాది గదా సామీ. మతిలేనిది అనిపించుకున్యా. పేరన్నా మిగులుతాదని."

ఎవరూ లేరిప్పుడు. నవ్వులు లేవు, ఊరు లేదు, బీడు మీద నేనూ ఆమే, చుట్టూ ఆవులు, అవన్నీ మా మాటలకే ఆగినట్టు నిలబడి ఉన్నాయి. ఒక్కసారి ఆ పేరు గట్టిగా పిలవమంటుంది. నీ పుస్తకంలో వద్దులే, ఊళ్లో వద్దులే, ఈడ వినేటోళ్లు ఎవరుండారు, ఈ ఆవులు తప్ప, అంటుంది. నేను పిలుస్తున్నాను. గొంతు నరాలు తెగేలా పిలుస్తున్నాను, నాకే వినబడడం లేదు, ఆమె చెయ్యి చెవికి ఆనించుకుని, ఇంగొంచెం, ఇంగొంచెం అంటోంది, అంటూనే దూరమైపోతోంది.

భుజం పట్టి కుదుపుతున్నది మా ఆవిడ. పగటి నిద్ర, అరుగు మీద మడతమంచం, మీద పడిన ఎండ, ఒళ్లంతా చెమట.

"ఏమప్పా ఇది, వీధి వీధంతా వినబడేట్టు అరుస్తాండావు," అంది. "ఎర్రతిమ్మప్పా, ఎర్రతిమ్మప్పా అని. ఎవరాయన?"

నేను లేచి కూర్చున్నాను. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాను. ఎవరూ లేరు.

"ఏమో," అన్నాను, "నాకు తెలీదు."