ఊరడగని సూది

రబ్బరు పట్టీ బిగించి, ముంజేతి మీద రెండు వేళ్లతో తట్టి, నరం దొరకగానే నర్సు స్వర్ణలత సూది దించేసింది. మంచం మీది మనిషి కెవ్వుమన్నాడు. నాచారంలోని ఆ చిన్న ఆసుపత్రిలో ఆమె సూదికి ఎవరూ అరవరు. ముందు మీదే ఊరని అడుగుతుంది. వాళ్లు జనగామ అనో, భువనగిరి అనో చెప్పి, వానల సంగతి ఎత్తుకునేలోపు సూది లోపలుంటుంది. ఇవాళ పొద్దుటి నుంచి ఎవరినీ ఊరడగలేదు. చేతులు పని చేస్తున్నాయి గానీ నోరు లేవడం లేదు.

ఎలా లేస్తుంది మరి! వార్డులోని శ్యామలమ్మకు సెలైన్ ఎక్కించింది కొత్త నర్సు విజయశ్రీ. సూది నరం తప్పి, నీళ్లన్నీ కండలోకి పోయి, ముసలామె చెయ్యి బూరెలా పొంగింది. నిన్న కొడుకు ఉపేందర్ వచ్చి గొడవకు దిగితే, సూది పెట్టింది స్వర్ణక్క అనేసింది విజయశ్రీ, కళ్లార్పకుండా. సూది పట్టడం రాక ఆ పిల్ల ఏడుస్తుంటే, నా నరం మీద నేర్చుకోమని చెయ్యి చాపిన మనిషి స్వర్ణలత. మేడిపల్లి నుంచి తెచ్చుకునే డబ్బాలో సగం అన్నం రోజూ దానికే. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. పెద్ద సిస్టర్ ఏమీ వినకుండా, వార్డులో అందరి ముందూ స్వర్ణలత చేత ఉపేందర్‌కు క్షమాపణ చెప్పించింది.

అయినా ఒక ఆశ మిగిలింది. ఎవరు పెట్టారో శ్యామలమ్మకు తెలుసు. పాపం, ఆ గొడవప్పుడు నిద్రలో ఉంది. లేచాక ఆమె నోట నిజం వస్తే చాలు, పని మీద మళ్లీ మనసు నిలుస్తుందనుకుంది.

మధ్యాహ్నం శ్యామలమ్మ రెండో చేతికి సూది పెట్టాల్సి వచ్చింది. స్వర్ణలతే కావాలని పట్టుబట్టి పిలిపించుకుంది. ప్లాస్టర్ అంటించడం అయ్యాక ముసలామె గొంతు తగ్గించింది.

"నువ్ గాదని నాకెర్కనే బిడ్డా. కొత్త నౌకరి వోతదని ఆ పిల్ల నా కాళ్లు మొక్కింది. నువ్వైతే పాతదానివి, ఓర్సుకుంటవని ఊకున్న."

"నిన్న మీరు నిద్రల లేరా అమ్మా?"

"కండ్లు మూస్కున్న. అంతా ఇన్న."

నిన్న విజయశ్రీ మీద స్వర్ణలతకు కోపమే వచ్చింది. ఇప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. ఓర్చుకుంటుందని తెలిసే కదా ఇద్దరూ తప్పును ఆమె నెత్తిన పెట్టారు! ఇప్పుడైనా కొడుక్కు చెబుతారా అని అడిగింది. వాడు కోపిష్టి, అయిపోయిందాన్ని ఇంక తవ్వడమెందుకని శ్యామలమ్మ గోడవైపు తిరిగింది. కాసేపటికి తలగడ కింది నుంచి బత్తాయి తీసి, తినమని చేతిలో పెట్టింది.

డ్యూటీ ముగిసేదాకా స్వర్ణలత ఏ మందూ తప్పనివ్వలేదు. తర్వాత పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్లి, రేపటి నుంచి రానని చెప్పింది. ఎందుకని ఆమె అడగలేదు. మెట్ల దగ్గర విజయశ్రీ ఎదురై, కోపమా అక్కా అంది. స్వర్ణలత పక్కనుంచి దిగిపోయి ఉప్పల్ బస్సెక్కింది.

సాయంత్రం ఉపేందర్ వచ్చేసరికి, తల్లి మంచం పక్క బల్ల మీద, దూదిడబ్బా వెనక, ఒలవని బత్తాయి ఉంది.