మూత తీసిన సీసా

అక్క పోయిన మూడేళ్లకి ఆ సీసాలో మూడో వంతు మిగిలింది. నేను వాడి తగ్గించింది కాదు. అక్క బతికుండగానే అంతకు వచ్చింది. నేను చేసిందల్లా రోజూ పొద్దున్నే మూత తీసి, ఒక్కసారి వాసన చూసి, మళ్లీ బిగించడం. ముదురు గోధుమరంగు సీసా, సబ్బుకి వాసన కోసం వేసే నూనెది, వంద మిల్లీలీటర్లది. దాని మీద అక్క చేతిరాతలో లావెండర్ అని ఉంది. చివరి అక్షరం దగ్గర తడి వేలు తగిలి సిరా పాకింది. ఆ వేలు కూడా అక్కదే.

అక్క ఇరవై ఏళ్లు ఇంట్లోనే సబ్బు చేసింది. పక్క గదిలో ఉందో లేదో చూడకుండానే చెప్పగలిగేవాణ్ణి, ఆ వాసనని బట్టి. తను పోయాక ఆవిడ తక్కెడ, పుస్తకం, చెక్క అచ్చులు నా రెండు గదుల్లోకి వచ్చాయి. నేను కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీస్తాను. మనుషులు ముందు గదిలోనే ఆగిపోతారు, నా దాకా వచ్చేది చీటీ మీద అంకెలు. అంకెలతో నాకు ఎప్పుడూ పేచీ లేదు. సబ్బు కూడా అంకెలే గనక త్వరగానే పట్టుబడింది. ఇల్లు అద్దెకిచ్చినావిడ ఒకసారి మెట్ల మీద ఎవరితోనో అంటోంది: "సబ్బు చేసీ చేసీ ఆయనా సబ్బే అయిపోయాడు. ఆపి పలకరిద్దామంటే జారిపోతాడు." బాగా అంది అనిపించింది. తలుపు వేసుకున్నాక నవ్వుకున్నాను.

నా సబ్బులు తీసుకెళ్లే మనిషి ఒక్కతే, అక్క కూతురు. పిల్లలకి ఈత నేర్పుతుంది. చిన్నప్పుడు స్నానాల గదిలోంచి బయటికి వచ్చేది కాదని నేను చేప అని పిలిచేవాణ్ణి, ఆ పేరే నిలిచిపోయింది. ప్రతి నెలా మొదటి ఆదివారం వస్తుంది. రెండు సబ్బులు, ఒక గంట. ఆ గంట కోసమే మిగతా నెలంతా సబ్బు చేస్తున్నానని నాకు తెలుసు. ఆమెకి తెలిస్తే ఆ గంట బరువెక్కుతుందని, పని ఉన్నవాడిలా నిలబడే మాట్లాడతాను.

ఒక ఆదివారం సబ్బు ముక్కు దగ్గర పెట్టుకుని అంది: "దీనికి వాసనే లేదు మామయ్యా."

"తక్కువ వేశాను. రోజంతా నీళ్లలో నానే ఒళ్లు కదా నీది."

"ఒక్కసారి అమ్మ చేసినట్టు చెయ్యవా? ఈ మధ్య ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా అమ్మ వాసన గుర్తు రావట్లేదు."

మాట తేలిగ్గానే అంది. నాకు మాత్రం తేలిగ్గా తగల్లేదు. నా అలమరలో అది ఉంది. మూడేళ్లుగా నేనొక్కణ్ణే తింటున్నాను, దొంగతిండిలా.

కొత్త సీసా కొనొచ్చు. అది లావెండర్ వాసన వేస్తుంది, అక్క వాసన వెయ్యదు. అలా అనుకుని, ఆ శనివారం పాత సీసానే బల్ల మీద పెట్టాను.

అక్క పుస్తకం తెరిచే ఉంది. ఆ పేజీ నాకు నోటికి వచ్చు. "సీసా మూత తీసిన తేదీ రాసి పెట్టుకో. ఏడాది దాటితే నేల తుడవడానికే, ఒంటికి కాదు. గాలి తగిలిన నూనె చూడ్డానికి బాగానే ఉంటుంది, ఒంటిని కరుస్తుంది." దాని కింద: "రోజ్‌మేరీ సారం, నూనె కొత్తగా తెచ్చిన రోజే కలుపు. కిలోకి గ్రాము చాలు. వాసనకి వాడే రోజ్‌మేరీ నూనె వేరు, ఇది వేరు. చెడకుండా ఆపుతుంది. చెడినదాన్ని బాగుచెయ్యదు."

చదివాను. చదివి ఏం చేశానంటే, ఆ పాత సీసాలో రెండు చుక్కల రోజ్‌మేరీ సారం వేసి ఊపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అంతే. ఆ పని చేస్తున్న చేతికి తన తప్పు తెలుసు. తెలియకపోతే ఆ రెండు చుక్కలు వేసేదే కాదు.

మిగతాదంతా పద్ధతి ప్రకారమే జరిగింది. చేతులకి తొడుగులు, కళ్లకి అద్దాలు. కాస్టిక్ సోడాని నీళ్లలో పోశాను గానీ నీళ్లని సోడా మీద పొయ్యలేదు. చల్లారాక తొమ్మిదివందల గ్రాముల నూనెల్లో కలిపి, మీగడలా చిక్కబడేదాకా తిప్పాను. వాసన నూనె నూటికి మూడు పాళ్లు దాటకూడదు. సరిగ్గా ఇరవై ఏడు గ్రాములు తూచాను. తూచి పోస్తుంటే ఒక్క క్షణం, రంగు డబ్బా మూత తీసినట్టు ఘాటుగా కొట్టింది. సోడా ఆవిరి అనుకున్నాను. అనుకోవడం ఎంత సులువో ఆ క్షణంలో గమనించాను కూడా. సీసా అడుగున రెండు గ్రాములు మిగిలింది. మూత బిగించి అలమరలో పెట్టాను.

ఆరు వారాలు ఆరనిచ్చాను. చేప వచ్చింది. సబ్బు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంది. ఆమె ముఖంలో ఏదో కదిలింది, దుఃఖమనుకున్నాను.

"బావుంది మామయ్యా," అని నా భుజం తట్టింది.

ఆ తట్టిన చోటు రాత్రిదాకా గుర్తుంది.

మూడు వారాల తర్వాత, ఆదివారం కాని రోజు, బుధవారం సాయంత్రం తలుపు తట్టింది. నిండు చేతుల చొక్కా వేసుకుంది. కూర్చుని చేతులు పైకి మడిచింది. మోచేతి మడతల్లో, మెడ కింద, ఎర్రటి దద్దుర్లు. కొన్నిచోట్ల గోకి పొక్కులు చితికి ఉన్నాయి.

"పిల్లల తల్లిదండ్రులు మేనేజరుకి చెప్పారు, అంటుకునేదేమోనని. ఆయన అందరి ముందూ అడిగాడు, ఏమ్మా తామరా అని. డాక్టరు పూత మందు ఇచ్చాడు, తగ్గట్లేదు. సోమవారంలోగా ఇది అంటుకునేది కాదని కాగితం తేకపోతే వేరేవాళ్లని పెట్టుకుంటాడట."

"డాక్టరు ఏమన్నాడు?"

"కొత్తగా ఏం వాడావని అడిగాడు. ఏం లేదన్నాను. నీ సబ్బు కొత్తదేం కాదు కదా, పుట్టినప్పట్నించీ అదేగా నేను రుద్దుకుంటోంది."

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట ఇది: "నీళ్లలో కలిపే క్లోరిన్ అయ్యుంటుంది."

"అవునేమో," అని చేతులు కిందికి లాక్కుంది. పోతూ పోతూ నవ్వింది: "చేపకి నీళ్లు పడవంటే ఎవరైనా నమ్ముతారా?"

గురువారం, శుక్రవారం తేలు కుట్టిన దొంగలా తిరిగాను. దుకాణంలో ఒక జత అద్దాలు తప్పు అంకెకి అరగదీశాను. ఇన్నేళ్లలో మొదటిసారి. కూర్చుని నాకు నేను వాదించుకున్నాను: కొలత తప్పలేదు, నూటికి మూడే. తక్కెడ సాక్షి. కొలత తప్పలేదని ఎన్నిసార్లు చెప్పుకుంటున్నానో లెక్కపెడితే, తప్పు ఎక్కడుందో నాకు బాగానే తెలుసని అర్థమైంది. ఆ సీసాని పాడు చేసింది కూడా నేనే. మూత తెరవకుండా వదిలేస్తే అది కొంతకాలం బాగుండేదేమో. వెయ్యి పొద్దులు తెరిచి, ప్రతిసారీ ఇంత గాలి లోపలికి వదిలాను.

భయం దేనికో కూడా తెలుసుకున్నాను. చెబితే ఆమె ఇక రాదు. చెప్పకపోతే ఆమె ఉద్యోగం పోతుంది, కానీ వస్తుంది. ఈ రెండింటినీ తక్కెడలో పెట్టి రెండు రోజులు తూచానంటే, నేనెలాంటి మనిషినో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

శనివారం ఈత కొలను దగ్గరికి వెళ్లాను. ఆమెని నీళ్లలోకి దిగనివ్వట్లేదు. టికెట్ల కిటికీ వెనక, మెడదాకా గుండీలు పెట్టుకుని కూర్చుంది. గాజు గోడ అవతల పిల్లలు తేలే పలకలు పట్టుకుని కాళ్లు కొడుతున్నారు.

"మామయ్యా? ఈత నేర్చుకుంటావా ఏంటి ఈ వయసులో?"

"ఆ సబ్బు వాడడం ఆపెయ్."

ఆమె చేతిలో టికెట్ల కట్ట ఆగింది. నిలబడే అంతా చెప్పాను. పాత సీసా, పుస్తకంలో మాట, రెండు చుక్కలు, రంగు డబ్బా వాసన. క్లోరిన్ అని నేను అబద్ధం ఆడిన సంగతి చివర్న చెప్పాను, అదే కష్టమైంది.

మేనేజరు అటుగా వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు ఈమె బంధువులా? మీకూ ఉందా దురద?"

"నాకు లేదు. నా వల్లే ఆమెకి వచ్చింది," అన్నాను. ఆయన ఏమీ అర్థంకాక వెళ్లిపోయాడు.

చేప టికెట్ల కట్ట పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది: "అందరి ముందూ తామర అనిపించుకున్నాను. బుధవారం నీ ఎదురుగా కూర్చుని చేతులు చూపించాను. నోట్లో ఏం పెట్టుకున్నావు మామయ్యా?"

"నువ్వు రావేమోనని."

"దానికి నా చేతులు పుండ్లు చేస్తావా?"

ఆమె గాజు గోడ వైపు తిరిగింది.

"ఇంకోటి చెప్పనా? అది అమ్మ వాసన కాదు. మొదటిరోజే తెలిసింది. అమ్మది మెత్తగా ఉండేది. ఇది ఘాటుగా ఉంది. నువ్వు అంత ఆశగా చూస్తున్నావు, నీకు చెప్పలేక బావుందన్నాను. నీ కోసమే వాడాను రోజూ."

నేను కిటికీ గట్టు పట్టుకున్నాను. ఇన్నాళ్లూ ఆ సీసాలో నూనె కొంచెం కొంచెంగా మారుతోంది. దాంతోపాటే నా జ్ఞాపకమూ మారుతూ వచ్చింది, రోజూ చూస్తున్నవాడికి తేడా తెలియనట్టు. రోజూ తెరిచి చూసుకున్న నాకు అక్క వాసన పోయింది. గుర్తు రావట్లేదు అన్న ఈ పిల్ల దగ్గర అది చెక్కుచెదరకుండా ఉంది.

"సబ్బు ముక్క డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లు. పాత లావెండర్ నూనె అని చెప్పు, నేను రాసిస్తాను," అన్నాను. టికెట్టు వెనక తేదీతో సహా రాసిచ్చాను. తీసుకుంది. వెళ్లొస్తానంటే తల ఊపలేదు.

ఆ సాయంత్రమే డాక్టరు, ఏది పడట్లేదో చూడ్డానికి, ఒక్కో పదార్థం రాసిన చిన్న పట్టీలు ఆమె వీపు మీద అంటించాడట. సోమవారం తీసి చూస్తే, లావెండర్ నూనె రాసిన పట్టీ ఉన్న చోట ఎర్రగా లేచిందట. అంటుకునేది కాదని కాగితం రాసిచ్చాడు. ఇవన్నీ ఆమె ఫోనులో రెండు పొడి వాక్యాల్లో చెప్పింది. చేతులు మానాక నీళ్లలోకి దిగొచ్చని మేనేజరు ఒప్పుకున్నాడట. "ఆదివారం వస్తావా?" అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

వాసన లేని సబ్బు చేశాను. కొత్త నూనె తెచ్చిన రోజే రోజ్‌మేరీ సారం కలిపాను, కిలోకి గ్రాము. డబ్బా మీద తేదీ రాశాను. అది ఆరడానికి ఇంకా వారాలు పడుతుంది.

మొదటి ఆదివారం పొద్దున అలమరలోంచి సీసా తీశాను. మూత తీశాను గానీ ముక్కు దగ్గర పెట్టుకోలేదు. చేతులకి తొడుగులు వేసుకుని, మిగిలిన రెండు గ్రాములు బకెట్టు నీళ్లలో వంచి, రెండు గదులూ తుడిచాను, మూలల దాకా. కిటికీలు తెరిచాను. సీసా కడిగి బోర్లించాను. సిరా పాకిన కాగితం తడిసి ఊడి వచ్చింది. దాన్ని పుస్తకంలో ఆ పేజీలోనే పెట్టాను.

పది దాటాక తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. చేప గుమ్మంలో నిలబడి ముక్కు ముడిచింది.

"ఏంటిది?"

"నేల తుడిచాను. ఆరేదాకా లోపలికి రాకు."

ఆమె తడి నేల వైపు, బోర్లించిన సీసా వైపు చూసింది. చెప్పులు విప్పి, పై మెట్టు మీద నాకు వీపు పెట్టి కూర్చుంది.

"ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు."

నేను లోపల బల్ల దగ్గర కూర్చున్నాను. ఆమె మెడ వెనక మానుతున్న చర్మం పొలుసులుగా లేస్తోంది. మా మధ్య నేల నెమ్మదిగా, గుమ్మం వైపు నుంచి ఆరుతూ వచ్చింది.